ఈమెయిల్ పోలికకు ఏది మేలు: కంపారేటర్ ఫ్యాక్టరీయా, హైబ్రిడ్ ప్రాపర్టీయా?

పైథాన్‌లో ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ (పైథాన్ కోడ్ నుంచి డేటాబేస్‌తో పని చేయించే లైబ్రరీ) వాడేవాళ్లకు ఈ చిక్కు తగులుతూనే ఉంటుంది. ఫోన్ కీబోర్డు ఈమెయిల్ మొదటి అక్షరాన్ని క్యాపిటల్ చేసేస్తుంది. టేబుల్లో అన్నీ చిన్నక్షరాలే. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మామూలు టెక్స్ట్ కాలమ్‌లో ఆ రెండూ వేర్వేరు. ఇక 'లాగిన్ కావట్లేదు' అని ఫోన్లు.

కాలమ్ ప్రాపర్టీకి (పైథాన్ క్లాస్‌లో టేబుల్ కాలమ్‌ని సూచించేది) కంపారేటర్ ఫ్యాక్టరీ (పోలిక ఎలా జరగాలో చెప్పే క్లాస్) ఇస్తే, సమానం గుర్తు వాడిన ప్రతి క్వెరీలో రెండు వైపులా లోయర్ ఫంక్షన్ (అక్షరాలన్నీ చిన్నవి చేసేది) చేరేలా రాసుకోవచ్చు. పాత కోడ్ ముట్టుకోనక్కర్లేదు. అదే సుఖం, అదే ప్రమాదం కూడా: క్వెరీ చదివేవాడికి లోపల ఏం జరుగుతోందో కనపడదు. పైగా సమానం ఒక్కటే మార్చి ఊరుకుంటే, 'ఇన్' (జాబితాలో ఉందా అనే) పోలిక పాత పద్ధతిలోనే నడుస్తుంది. అన్నిటికీ వర్తించాలంటే పోలికలన్నీ దాని గుండా వెళ్లే ఆపరేట్ మెథడ్‌నే మార్చాలి. ఇంకోటి, ఇదంతా ఎస్‌క్యూఎల్ వరకే. డేటాబేస్ నుంచి తెచ్చుకున్న ఆబ్జెక్ట్ ఈమెయిల్‌ని పైథాన్‌లో పోలిస్తే అది మామూలు స్ట్రింగే, తేడా తేడాయే.

హైబ్రిడ్ ప్రాపర్టీ అసలు కాలమ్‌ని అలాగే ఉంచి, పక్కన వేరే పేరుతో నిలబడుతుంది. క్వెరీకి దాని కంపారేటర్, ఆబ్జెక్ట్‌కి దాని గెట్టర్ (విలువ అడిగితే ఇచ్చే ఫంక్షన్). గెట్టర్‌లో లోయర్ చేసి ఇస్తే అక్కడ అవతలి విలువని కూడా మనమే చిన్నక్షరాల్లోకి మార్చుకోవాలి. రాత కాస్త ఎక్కువే. అయినా నా ఓటు దీనికే, పేరు చూడగానే సంగతి తెలుస్తుంది కాబట్టి.

ఏది ఎంచుకున్నా లోయర్ చేసిన ఈమెయిల్ మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి డేటాబేస్ పెట్టుకునే సూచిక) వేయండి. ఈమెయిల్ మీదున్న మామూలు ఇండెక్స్ ఈ పోలికకు పనికిరాదు.