బల్లార్షా చెక్కపులి: ఆరు నెలల తర్వాత

మా ఆయనకు మహారాష్ట్రలో బల్లార్షా దగ్గర బొగ్గు గనిలో ఉద్యోగం. హాల్లో గోడ బోసిగా ఉందని, మార్చిలో ఊళ్లోనే ఒక చిన్న వర్క్‌షాపులో పులి తల చేయించాం. తాడోబా పులుల అడవి పక్కనే ఉంటూ గోడకు సింహాన్ని పెట్టుకుంటామా! రెండడుగుల వెడల్పు, దాదాపు నాలుగు కిలోల బరువు, ఆరున్నర వేలు. షాపు పేరు రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మాది నిర్మల్ వైపు. మా దగ్గర బొమ్మలంటే పొణికి కర్ర చెక్కి పైన రంగులేస్తారు, లోపలి చెక్క కంటికి కనపడదు. ఇక్కడ చెక్క రంగే పులి రంగు. నుదురు, బుగ్గలు టేకు. ముక్కు పక్కన ఎర్రటి గోధుమరంగు ముక్కలు వేగిస, ఇక్కడ బీజా అంటారు. గడ్డం కింద తెల్లగా ఉన్నది కూడా టేకే, మాను బయటి పొర. నల్ల చారలు తునికి. అవును, బీడీ ఆకు చెట్టే. మొత్తం ఎనభైకి పైగా ముక్కలు. సన్నటి రంపంతో విడివిడిగా కోసి, అంచులు అరగదీసి, ప్లైవుడ్ మీద అతికించారు. చెవులు పలచగా వెనక్కి, బుగ్గలు కాస్త పైకి, మూతి అన్నిటికన్నా ముందుకి. కళ్లు మూసుకుని వేలు పెట్టి తడిమినా ఎక్కడున్నామో తెలుస్తుంది. సాయంత్రం పక్కనుంచి లైటు పడితే బుగ్గల నీడ చూసి మా చిన్నోడు ఆ గదిలోకి ఒక్కడే వెళ్లడు.

మే నెల ఎండలకు ఎడమ చెవి దగ్గర చిన్న సందు పడింది. జూలై వానల్లో చెవి ఊడి సోఫాలో పడింది. తీసి చూద్దును కదా, చెవి అంచున నల్ల చారలో విరిగిన చోట లోపల పసుప్పచ్చగా ఉంది. టేకుకు నల్లరంగు పూశారు! చెక్క ఊడినందుకు కాదు, దీనికి ఒళ్లు మండింది.

పట్టుకెళ్లి చూపిస్తే వర్క్‌షాపాయన బుకాయించలేదు. "తాయీ, తునికిలో నలుపు నడిమధ్యనే, అదీ ముసలి మానులో. ఇంత పొడుగు ముక్క దొరకలేదు. టేకు కూడా పూర్తిగా ఆరలేదు" అన్నాడు. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా భావూ" అన్నాను (మరాఠీలో తాయీ అంటే అక్క, భావూ అంటే అన్న). డబ్బు అడక్కుండా వారంలో కొత్త చెవి చేసిచ్చాడు, చారను రెండు తునికి ముక్కలు అతికి వేశాడు. అతుకు కనిపిస్తుంది. నాకదే నచ్చింది.

పనితనానికి వంక పెట్టలేను. ఆర్డరిస్తే మాత్రం నల్ల ముక్కల్ని అతికించకముందే తిప్పి చూపించమనండి, వెనక ఒక్కటి కాదు రెండు కొక్కేలు వేయించుకోండి. సందుల్లో దుమ్ముకు గుడ్డ పనికిరాదు, పాత పెయింటు బ్రష్షు వాడుతున్నా. కొత్త చెవి టేకు ఇంకా పాలిపోయి ఉంది. వెలుతురు తగిలేకొద్దీ రంగు తిరుగుతుందన్నాడు, కిటికీ తెరిచే ఉంచుతున్నాను.