జీటీఏ ఆన్‌లైన్: రాత్రి గంటసేపు ఆడేవాడి లెక్క

విజయవాడ బీసెంట్ రోడ్డులో మొబైల్ కవర్లు, ఛార్జర్లు అమ్మే కొట్టు మాది. షట్టర్ దించి పటమట చేరి అన్నం తినేసరికి పదిన్నర. అక్కణ్ణుంచి పదకొండున్నర దాకా టైము నాది. ఏ గేమునైనా ఆ గంటతోనే కొలుస్తాను.

2020 మేలో పీసీ గేములమ్మే ఎపిక్ స్టోర్ జీటీఏ 5 అనే నేరాల గేముని ఉచితంగా ఇచ్చింది. లాక్‌డౌన్, కొట్టు మూత. అందులో నెట్‌లో కలిసి ఆడే భాగమే జీటీఏ ఆన్‌లైన్. నలుగురం మొదలెట్టాం: నేను, గుంటూరు అరండల్‌పేట నుంచి మా బావమరిది, ఇద్దరు ఇంటర్ స్నేహితులు. గేములో పసిఫిక్ స్టాండర్డ్ బ్యాంకు దోపిడీకి నలుగురు ఉండి తీరాలి. కష్టం స్థాయి హార్డ్‌లో పెట్టుకుంటే ఒక్కడు చచ్చినా మళ్లీ మొదటికే. "బావా, నువ్వు బైకు మెల్లగా తోలు, నీకు దణ్ణం పెడతా" అని వాడు హెడ్‌సెట్‌లో బతిమాలేవాడు. నేను తిన్నగా వెళ్లి స్తంభానికి కొట్టేవాణ్ణి. నాకు ఈ గేమంటే అదే.

అప్పట్లో పీసీలో లోడింగ్‌కే ఐదారు నిమిషాలు. గంట ఆడేవాడికి పదోవంతు పోయినట్టే. 2021లో బయటి ప్రోగ్రామర్ ఒకాయన కారణం పట్టుకున్నాడు. గేములో అమ్మే వస్తువుల జాబితాలో అరవై మూడు వేల దాకా పద్దులున్నాయి. ఒక్కోటి చేర్చేముందు అది ముందే ఉందా అని జాబితా అంతా మొదట్నుంచి వెతుకుతోందట. కొత్త కవరు అరలో పెట్టేముందు కొట్టులో ఉన్న ప్రతి కవరూ తీసి చూసినట్టు! మా కుర్రాడు అలా చేస్తే సాయంత్రానికి ఇంటికి పంపేస్తాను. కంపెనీ ఒప్పుకుని మార్చిలో సరిచేసింది, ఆయనకి పదివేల డాలర్లూ ఇచ్చింది.

ఎగిరే బైకుల మీంచి క్షిపణులు వేసి గేములో పక్కవాడు అమ్ముకోబోయే సరుకు తగలబెట్టే బాపతు జనం ఇంకో గోల. 2022 నుంచి బయటివాళ్లు రాని మనవాళ్ల సెషన్‌లోనే సరుకు అమ్ముకోవచ్చు కాబట్టి దాని గురించి ఎక్కువ ఏడవను.

నేను ఏడిచేది కాయో పెరికో గురించి. 2020 డిసెంబర్‌లో వచ్చిన దీవి దోపిడీ, ఒక్కడే చెయ్యగలిగిన మొదటి హైస్ట్ (గేములో పెద్ద దోపిడీని అలా అంటారు). బాగుంది, డబ్బూ బాగా వచ్చేది. వాటా పంచక్కర్లేదు కదా, నలుగురం నాలుగు ఇళ్లలో ఎవడి దీవి వాడు దోచుకోవడం మొదలెట్టాం. ఆర్నెల్లకి హెడ్‌సెట్ దుమ్ము పట్టింది. మేం ఏ గొడవా పడకుండానే విడిపోయాం.

అందుకే దీని తర్వాతి గేము జీటీఏ 6లో నేను చూసేది మ్యాపు ఎంత పెద్దదని కాదు. ఫ్లోరిడాని పోలిన లియొనైడా, మళ్లీ వైస్ సిటీ, చూడ్డానికి కన్నుల పండగే. కథలో జేసన్, లూసియా అని జంట ఉన్నారు. ఆన్‌లైన్ గురించి మాత్రం రెండు ట్రైలర్లలోనూ ఒక్క ముక్క లేదు. నా కోరిక చిన్నది: ఇద్దరం ఉంటే ఇద్దరికి, నలుగురం ఉంటే నలుగురికి సరిపడే దోపిడీ, నలభై నిమిషాల్లో తెమిలేది, కలిసి చేస్తే తలకి ఎక్కువ గిట్టేది. అసలు డబ్బుకి గేము డబ్బిచ్చే షార్క్ కార్డుల్లాంటివి ఎలాగూ అమ్ముతారు, అమ్ముకోనీ. కొట్టువాణ్ణి, ఆ మాత్రం అర్థం చేసుకోగలను. కొననివాణ్ణి నెలల తరబడి కూలి చేయించకపోతే చాలు.

పాతదానికి, అంటే జీటీఏ ఆన్‌లైన్‌కి, పదికి ఏడు. నలుగురం ఆడిన రోజుల్లో అడిగుంటే తొమ్మిది ఇచ్చేవాణ్ణి.

జీటీఏ 6ని ప్రకటించింది పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ అనే గేము పెట్టెలకి మాత్రమే. పీసీని నమ్ముకుంటే లాభం లేదని పీఎస్5 కోసం చిట్టీ కడుతున్నా. తేదీ 2025 నుంచి 2026 మేకి, అక్కణ్ణుంచి నవంబర్ 19కి జరిగింది. అంటే కార్తీకమాసం. ఏటా తెల్లారుజామున నాలుగింటికి అమ్మ నన్ను లేపలేక తిట్టుకుంటూ పద్మావతి ఘాట్‌కి వెళ్తుంది. ఈసారి లేపక్కర్లేదు, కంట్రోలర్ పక్కన పెట్టి నేనే బండి తీస్తా.