ఛాతీకా, తలకా? జింక వేటలో ఏ గురి మేలు

స్కాట్లాండ్ కొండల్లో జింకలను వేటాడేవాళ్ళు ఇద్దరు ఒకచోట కూర్చుంటే కాసేపటికి ఒక వాదన తప్పక లేస్తుంది. తూటా ఛాతీలో దిగాలా, తలలో దిగాలా అన్నదే ఆ వాదన. తలకు కొడితే జింక నిలుచున్నచోటే కూలుతుందని, తుపాకీ చప్పుడు కూడా దాని చెవిన పడదని, మాంసం ఏమాత్రం పాడుకాదని ఒకరంటారు. ఛాతీకి కొడితే గురి కాస్త అటూఇటూ అయినా జంతువు గాయంతో రోజుల తరబడి తిరగదని రెండోవారు అంటారు. రెండు మాటల్లోనూ నిజముంది. అయితే మొదటివారు తూటా అనుకున్నచోట తగిలినప్పటి సంగతి చెబుతున్నారు, రెండోవారు తగలనప్పటి సంగతి చెబుతున్నారు. ఏది మేలో తేల్చవలసింది ఆ రెండో లెక్కతోనే అని నా అభిప్రాయం.

మన దగ్గర ఈ ప్రశ్నకు తావే లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. పైగా కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కూ, చుక్కల జింక తెలంగాణకూ రాష్ట్ర జంతువులు. బ్రిటన్ పరిస్థితి వేరు. అక్కడి తోడేళ్ళూ లింక్స్ పిల్లులూ శతాబ్దాల కిందటే అంతరించాయి గనుక పెద్ద జింకను చంపి తినే జంతువేదీ మిగలలేదు. ఒక్క స్కాట్లాండ్‌లోనే సుమారు 10 లక్షల జింకలు ఉన్నాయని అంచనా. అవి మొలకలను మొదట్లోనే కొరికేస్తుంటే అడవి తిరిగి లేవడం లేదు, చలికాలంలో మేత చాలక జింకలే చస్తుంటాయి. అందువల్ల వాటి సంఖ్యను తగ్గించడం అక్కడ సరదా వేటగానే కాక ఉద్యోగంగా కూడా సాగుతుంది. 2023 అక్టోబరులో మగ జింకల వేటకు ఉన్న విరామ కాలాన్ని స్కాట్లాండ్ పూర్తిగా ఎత్తివేసింది. పిల్లలు తల్లి మీద ఆధారపడే నెలల్లో ఆడ జింకలకు మాత్రం రక్షణ కొనసాగుతోంది. చంపడం తప్పనప్పుడు ఎలా చంపాలన్నదే అక్కడివారి ముందున్న ప్రశ్న.

ముందుగా ఛాతీ సంగతి. జింక పక్కవాటుగా నిలబడినప్పుడు దాని ముందు కాలి వెనుక అంచు వెంబడి చూపును పైకి పోనిచ్చి, శరీరం ఎత్తులో మూడో వంతు దాటాక ఆపితే, ఆ చర్మం వెనుక గుండె పైభాగం, పెద్ద రక్తనాళాలు, రెండు ఊపిరితిత్తులు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. రెడ్ డీర్ వంటి పెద్ద జింకలో ఈ ప్రాంతం రెండు అరచేతులు పక్కపక్కన పరిచినంత ఉంటుంది. భుజం దగ్గర 60 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే ఉండే చిన్న రో డీర్‌లో కూడా అది ఒక అరచేతికి తక్కువ కాదు. తూటా కాస్త ముందుకు పడితే జబ్బ ఎముక విరుగుతుంది, కాస్త పైకి పోతే ఊపిరితిత్తుల పైభాగమో వెన్నెముకో తెగుతుంది, కాస్త కిందికి జారితే గుండె చీలుతుంది. వెనక్కి పోతే మాత్రం కాలేయం, ఇంకా వెనక్కి పోతే పొట్ట. అసలు ప్రమాదం ఆ ఒక్క వైపే. అందుకే బ్రిటన్‌లో వేటగాళ్ళు తీసుకునే మొదటి స్థాయి యోగ్యతా పత్రం పరీక్షలో, 100 మీటర్ల దూరం నుంచి 10 సెంటీమీటర్ల వలయంలో మూడు తూటాలు వరుసగా పెట్టగలిగాక, జింక బొమ్మ మీద 100, 70, 40 మీటర్ల నుంచి కొట్టవలసింది కూడా ఈ ఛాతీ ప్రాంతాన్నే.

ఛాతీ గురికి ఉన్న లోపాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. గుండె చీలిన జింక వెంటనే పడిపోదు. ముందుకు ఒక్క ఉదుటున దూకి 50 మీటర్లో 100 మీటర్లో పరుగెత్తి, ఆ తర్వాత కూలుతుంది. మెదడుకు రక్తం అందక స్పృహ తప్పడానికి పట్టే ఆ కొన్ని సెకన్లు చూసేవాడికి చాలా పొడవుగా ఉంటాయి. పైగా అది దట్టమైన ఫర్న్ పొదల్లోకో, కొత్తగా నాటిన స్ప్రూస్ చెట్ల మధ్యకో పోతే వెతకడం ఒక పని. సీసం తూటాల బదులు రాగి తూటాలు వాడుతున్నవాళ్ళలో కొందరు ఈ పరుగు దూరం కాస్త పెరిగిందని అంటారు. రాగి అంతగా ముక్కలు కాదు గనుక ఆ మాట నమ్మదగ్గదే, కానీ మాంసంలో సీసం మిగలకపోవడం అంతకంటే పెద్ద లాభం.

ఇక తల. శిక్షణలో ఒకసారి నిలువునా కోసిన రో జింక పుర్రెను మా చేతికిచ్చి, మెదడు ఎక్కడుంటుందో వేలు పెట్టి చూపమన్నారు. మాలో చాలామంది కళ్ళ మధ్య చూపించారు. అసలు మెదడు కళ్ళకు పైన, వెనుకగా, పెద్ద నిమ్మకాయంత గదిలో ఉంది. మిగతా పుర్రె అంతా ముక్కు గదులు, పళ్ళు, దవడ. దూరం నుంచి చూస్తే పెద్దదిగా కనిపించే ఆ తలలో చంపగల చోటు అంత చిన్నది. అది చాలదన్నట్టు జింక శరీరంలో అన్నిటికంటే ఎక్కువగా కదిలేది తలే. శరీరం రాయిలా నిలిచి ఉన్నప్పుడు కూడా చెవులు తిరుగుతుంటాయి, తల మేతకు వంగుతుంది, చటుక్కున లేస్తుంది. తూటాకు 100 మీటర్లు దాటడానికి సెకనులో ఎనిమిదో వంతు పట్టినా, వేలు నొక్కాలని మనసు అనుకున్నప్పటి నుంచి లెక్క వేస్తే తల కదలడానికి ఆ వ్యవధి చాలు.

అలా కదిలితే తూటా దవడకు తగులుతుంది. దవడ విరిగిన జింక కాళ్ళు బాగానే ఉంటాయి గనుక మామూలుగానే పరుగెత్తిపోతుంది, వెంబడించడానికి సరిపడా నెత్తురు కూడా రాలదు. మేయలేక, నీళ్ళు సరిగా తాగలేక, రోజుల తరబడి ఎండిపోయి చస్తుంది. కొట్టినవాడు గురి పూర్తిగా తప్పిందనుకొని ఇంటికి పోయి నిద్రపోతాడు. ఛాతీ గురి తప్పడంలోనూ బాధ ఉంది, కానీ అక్కడ పొరపాటుకు ఆనవాలు మిగులుతుంది, దాన్ని సరిదిద్దుకొనే దారీ మిగులుతుంది. ఇక్కడ రెండూ మిగలవు. తలకు గురిపెట్టడాన్ని మామూలు పద్ధతిగా ఒప్పుకోకపోవడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

మెడను మధ్యేమార్గంగా చెప్పేవాళ్ళు ఉన్నారు. మెడ వెడల్పుగా కనిపించే మాట నిజమే, కానీ లోపల వెన్నెముక సన్నటిది, అది మెడలో ఏ మట్టాన పోతోందో తల ఎత్తినప్పుడూ దించినప్పుడూ మారుతూ ఉంటుంది, చలికాలపు జూలు దాన్ని మరింత దాచేస్తుంది. వెన్నెముకకు దగ్గరగా పోయిన తూటా తాకిడికి జింక కట్టెలా పడిపోయి, వేటగాడు తృప్తిగా తుపాకీ దించేలోపు లేచి పారిపోయిన సందర్భాలు ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. జబ్బ పైభాగాన కొట్టడం ఇంకొక దారి. దానివల్ల జింక సాధారణంగా అక్కడికక్కడే పడుతుంది. రోడ్డు పక్కనో, పొరుగువాడి సరిహద్దు పక్కనో పరుగును ఆపవలసి వచ్చినప్పుడు దానికి విలువుంది. అయితే రెండు జబ్బల మాంసం నెత్తురు గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది, తూటా మరీ పైకి పోతే వెన్ను మీది మాంసాన్ని చీల్చుకొని పోయి జింక బతికిపోయే ప్రమాదమూ ఉంది.

తల గురిని సమర్థించేవాళ్ళ చేతిలో ఉన్న బలమైన వాదన మాంసం ధర. ఛాతీలో తూటా లేని జింకకు కొందరు వ్యాపారులు ఇష్టపడి ఎక్కువ ఇస్తారు. తుపాకీకి మంచి ఆసరాతో, 50 మీటర్లలోపు, తల కదలకుండా తనవైపే చూస్తున్న జింకను, వందల జింకలను కొట్టిన ఉద్యోగి తలకు కొట్టడాన్ని నేను తప్పుపట్టను. కానీ అటువంటివాడు తన పద్ధతిని కొత్తవాడికి నేర్పడాన్ని తప్పుపడతాను. నాలుగు పౌండ్ల లాభం కోసం నిమ్మకాయంత గురిని ఎంచుకొనే హక్కు రెండో ఏడాది వేటగాడికి లేదు.

గురి ఏదైనా, దానికి ముందు తేలవలసినవి కొన్ని ఉన్నాయి. జింక వెనుక తూటాను ఆపే మట్టి కట్ట ఉండాలి. శిఖరం మీద ఆకాశం ముందు నిలబడిన జింక ఎంత అందంగా కనిపించినా దాన్ని కొట్టకూడదు, ఎందుకంటే రైఫిల్ తూటా కిలోమీటర్ల దూరం పోతుంది. జింక వెనుక ఇంకొక జింక ఉంటే తూటా మొదటిదాన్ని దాటి రెండోదాన్ని గాయపరుస్తుంది. తల్లీపిల్లా కలిసి ఉంటే, చట్టం ఒప్పిన కాలంలో, పిల్లను ముందు కొట్టి తర్వాత తల్లిని కొట్టాలి. స్కాట్లాండ్ చట్టం రెడ్ డీర్‌కు కనీసం 80 గ్రెయిన్లు, అంటే ఐదు గ్రాములకు కాస్త పైగా బరువుండి, తగిలాక విచ్చుకొనే తూటానే వాడమంటుంది. సూర్యాస్తమయం తర్వాత గంట దాటితే ప్రత్యేక అనుమతి లేనిదే కొట్టనివ్వదు. దశరథుడి శబ్దవేధి కథ విని పెరిగిన మనకు ఆ నిబంధన ఎందుకో విడమరచి చెప్పనక్కరలేదు.

కొట్టిన తర్వాత ఓపిక కావాలి. కొట్టినవాడు ముందుగా రైఫిల్‌లో ఇంకొక తూటా ఎక్కించుకోవాలి. జింక గాయంతో ఇంకా నిలబడి కనిపిస్తుంటే వెంటనే మళ్ళీ కొట్టాలి. అది చూపు దాటిపోతే కొన్ని నిమిషాలు కదలకుండా ఉండి, తర్వాత అది నిలబడిన చోటికి పోయి నేలను చదవాలి. గులాబీ రంగు నురగ నెత్తురు ఉంటే ఊపిరితిత్తులు తెగినట్టు, జింక దగ్గరలోనే ఉంటుంది. చిక్కటి ముదురు నెత్తురైతే కాలేయం. నెమరువేసిన పచ్చటి మేత తునకలు కనిపించాయంటే, కొట్టినప్పుడు జింక వీపు విల్లులా వంచి వెనుక కాళ్ళు విదిల్చిందంటే, తూటా పొట్టలో పడిందని అర్థం. అప్పుడు వెంటనే తరమడం అన్నిటికంటే చెడ్డ పని, ఎందుకంటే తరిమితే అది ఆ బాధతోనే మైళ్ళు పోతుంది, తరమకపోతే దగ్గరలోనే పడుకుంటుంది. అరగంటకు పైగా ఆగి, వాసన పట్టడం నేర్చిన కుక్కతో పోవాలి. అటువంటి కుక్క దొరకని చోట వేటకు పోవడమే నాకు నచ్చదు.

తల గురి అసలు చోటు ఆ వెతుకులాట చివర వస్తుంది. పడిపోయిన జింక దగ్గరికి వీపు వైపు నుంచి, కాళ్ళ విసురుకు అందకుండా పోయి, పొడవాటి కర్ర కొసతో కనుగుడ్డును తాకాలి. రెప్ప కదలకపోతే ప్రాణం పోయినట్టు, తుపాకీ ఖాళీ చేయవచ్చు. రెప్ప కదిలితే నాలుగడుగులు వెనక్కి వేసి, నేల మెత్తగా ఉందో రాయి ఉందో చూసుకొని, మెదడుకు గురిపెట్టాలి. అప్పుడు కూడా గురి చూడటానికి తుపాకీ మీద బిగించిన టెలిస్కోప్ దాని గొట్టానికి నాలుగైదు సెంటీమీటర్లు ఎత్తున ఉంటుందనీ, అంత దగ్గరలో తూటా దాదాపు అంత కిందికే తగులుతుందనీ గుర్తుంచుకొని, తగలవలసిన చోటుకు ఆ మేరకు పైన గురి నిలపాలి.