ఆఫీసు షిఫ్టింగ్: ఫోన్లోనే రేటు చెప్పే ప్యాకర్స్‌తో జాగ్రత్త

హైదరాబాద్‌లో ఆఫీసు మార్చబోతున్నవాళ్లకు ఈ హెచ్చరిక. అమీర్‌పేట నుంచి గచ్చిబౌలికి 30 సీట్ల ఆఫీసు తరలించాలంటే, వచ్చి చూడకుండానే "రెండు లారీలు, అన్నీ కలిపి ఇంత" అనేవాడి దగ్గరే మోసం మొదలవుతుంది. సామాను లారీ ఎక్కేదాకా మాట తియ్యగా ఉంటుంది. ఎక్కాక ఫ్లోరు ఛార్జి వేరు, కార్పెంటర్ వేరు, వెయిటింగ్ వేరు అంటారు. ఇచ్చేదాకా లారీ తలుపు తెరవరు. సోమవారం పొద్దున ఆఫీసు నడవాలి గనుక ఎవరైనా ఇచ్చేస్తారు, వాళ్ల ధీమా అదే.

లారీల లెక్కన కోట్ (రేటు అంచనా) వద్దు. మనిషి వచ్చి చూసి, టేబుళ్లు, కుర్చీలు, బీరువాలు, మానిటర్లు ఎన్నేసి ఉన్నాయో రాసి, ఏ ఫ్లోరు నుంచి ఏ ఫ్లోరుకో, విప్పడం బిగించడం ఎవరి పనో కాగితం మీద పెట్టాలి. "ఇవి తప్ప అదనపు ఛార్జీలు లేవు" అన్న వాక్యం రాయడానికి నసిగితే ఆ కంపెనీని అక్కడే వదిలేయండి.

కోట్‌లో "ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ 3 శాతం" అని కనబడితే ఇంకా జాగ్రత్త. చాలాసార్లు అది బీమా కాదు, ప్యాకర్స్ వాడు తన పేరు మీద వసూలు చేసుకునే రుసుము. బీమా కంపెనీ ఇచ్చిన పాలసీ కాపీ అడగండి. అందులో మీ సంస్థ పేరు, సామాను విలువ ఉండాలి. నిజమైన పాలసీ అయినా రెండు మెలికలు మామూలే: మీరే ప్యాక్ చేసిన డబ్బాలో పగిలితే ఇవ్వరు, పైకి దెబ్బ కనబడకుండా సర్వర్ ఆన్ కాకపోతే ఇవ్వరు. బిల్టీ (లారీ వాళ్లిచ్చే రవాణా రసీదు) మీద "ఓనర్స్ రిస్క్", అంటే నష్టం సామాను యజమానిదే, అని ముద్ర ఉందేమో సంతకానికి ముందే చూడండి. నష్టం జరిగితే రవాణా సంస్థకు బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, 2007 నాటి రోడ్డు రవాణా చట్టం చెప్పేది అదే. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దాంలే అనుకోకండి. వ్యాపార అవసరానికి తీసుకున్న సేవ 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి సాధారణంగా రాదు.

ఎక్కువ నష్టం రోడ్డు మీద కాదు, విప్పేటప్పుడు జరుగుతుంది. మాడ్యులర్ వర్క్‌స్టేషన్లు (విడి భాగాలుగా బిగించే ఆఫీసు టేబుళ్లు) ఎక్కువగా పార్టికల్ బోర్డువి, అంటే చెక్క పొట్టును జిగురుతో అదిమిన పలకవి. హమాలీలు స్క్రూడ్రైవర్‌తో పీకితే రంధ్రం పొడైపోతుంది, రెండోసారి స్క్రూ పట్టదు, టేబుల్ ఊగుతుంది. ఫర్నిచర్ పని తెలిసిన కార్పెంటర్లు వస్తారని ముందే రాయించుకోండి. స్క్రూలు ఏ టేబుల్‌వి ఆ సంచిలో వేసి, సంచికి నంబరు రాసి, అదే నంబరు టేబుల్‌కీ అంటించాలి. స్ప్లిట్ ఏసీ గ్యాస్‌ను ఔట్‌డోర్ యూనిట్‌లోకి లాగకుండా పైపు విప్పేస్తే గ్యాస్ మొత్తం పోతుంది, మళ్లీ నింపే ఖర్చు మీదే. యూపీఎస్ బ్యాటరీల వైరింగ్‌ను విప్పేముందు ఫోటో తీయండి. సర్వర్ డిస్కుల మీద స్లాట్ నంబర్లు రాయండి, బ్యాకప్ కాపీని ఆ లారీలో పంపొద్దు.

ఇళ్ల సామాను మార్చడానికే అలవాటుపడిన ప్యాకర్స్ మరిచేది ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం. వాడిన ఇంటి సామానుకు మినహాయింపు ఉంది, ఆఫీసు సామానుకు లేదు. విలువ 50,000 రూపాయలు దాటితే డెలివరీ చలాన్‌తో (అమ్మకం కాని సరుకు తరలింపుకు రాసే చీటీ) పాటు ఈ-వే బిల్లు కూడా లారీలో ఉండాలి. కొత్త చిరునామాను ముందుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో అదనపు వ్యాపార స్థలంగా చేర్చుకుంటే తలనొప్పి తగ్గుతుంది. ప్రధాన చిరునామా మారితే 15 రోజుల్లో తెలపాలి.

రెండు భవనాల్లోనూ సరుకుల లిఫ్టు ఏ వేళల్లో ఇస్తారో, గేట్ పాస్ ఎవరిదో రాతలో తీసుకోండి. లారీ గేటు దగ్గర ఆగితే వెయిటింగ్ బిల్లు మీకే. ఇంటర్నెట్ లైన్‌కు కనీసం నెల ముందు అడగండి.

డబ్బు మూడు భాగాలుగా ఇవ్వండి: కొంత బుకింగ్‌కు, కొంత సామాను దిగాక, చివరి 30 శాతం టేబుళ్లు బిగించి, లిస్టు సరిచూశాక. ఈ పద్ధతి లారీ కదలకముందే ఒప్పందంలో ఉండాలి.