ఆసుపత్రి ఖర్చుకు ఆన్‌లైన్ చందా: మిలాప్, కెట్టో, ఇంపాక్ట్‌గురు ఎంతవరకు పనికొస్తాయి?

ఇవి చికిత్స ఖర్చుకు జనం దగ్గర చందాలు పోగుచేసే సైట్లు. మూడింటి పద్ధతీ దాదాపు ఒకటే. చందా అడిగే పేజీ పెట్టి లింకు తయారు చేయడం అరగంట పని. డబ్బు పుట్టించడమే అసలు పని, అది సైటు చేసిపెట్టదు. 2021లో హైదరాబాద్‌లో ఎస్ఎంఏ (కండరాలు బలహీనపడే జన్యుపరమైన జబ్బు) ఉన్న ఒక పసివాడి జోల్‌జెన్‌స్మా ఇంజెక్షన్‌కు చందాలతోనే కోట్లు పోగయ్యాయి. అది చూసి అందరికీ అలాగే వస్తుందనుకోవద్దు. మామూలుగా మొదట వేసేది చుట్టాలు, చదువుకున్నప్పటి స్నేహితులు, ఆఫీసువాళ్లే. వాళ్లు వెయ్యని లింకులో ముక్కూమొహం తెలియనివాళ్లూ వెయ్యరు. అందుకే లింకును వాట్సాప్ గ్రూపుల్లో పడేసేముందు పదిమందికి ఫోన్ చేసి మొదటి చందాలు వేయించాలి.

కావలసిన కాగితాల్లో ముఖ్యమైనది ఎస్టిమేట్, అంటే చికిత్సకు ఎంతవుతుందో ఆసుపత్రి రాసిచ్చే అంచనా. అది ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఉండాలి. పేషెంట్ పేరు, జబ్బు, చికిత్స, మొత్తం, తేదీ, డాక్టర్ సంతకం, ముద్ర అన్నీ కనపడాలి. ఆధార్‌లో ఒక పేరు, కేస్ షీట్‌లో ఇంకో పేరు ఉంటే పరిశీలన దగ్గరే ఆగిపోతుంది. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడా చాలు. ఎస్టిమేట్‌లో తరచు మందులు, రక్తం, ఐసీయూలో అదనపు రోజులు కలవవు. అవి విడిగా అడిగి రాయించుకోకపోతే లక్ష్యం నిండాక మళ్లీ చెయ్యి చాచాల్సి వస్తుంది, రెండోసారి స్పందన సగం కూడా ఉండదు.

ఇంకొకటి. 'ఆరోగ్యశ్రీ లేదా?' అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. తెలంగాణలో ఆ ప్రభుత్వ ఉచిత వైద్య పథకం పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. ఆంధ్రలో ఆ పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. ముందు ఆసుపత్రిలో ఈ పథకం వివరాలు చెప్పే మిత్ర డెస్క్‌లో అడిగి, ఈ చికిత్స ఎందుకు వర్తించదో ఒక్క వాక్యంలో విజ్ఞప్తిలోనే రాసెయ్యండి.

ఇక డబ్బు. 'ప్లాట్‌ఫామ్ ఫీజు సున్నా' అన్నది నిజమే కావచ్చు, కానీ చెల్లించే పేజీలో సైటుకిచ్చే టిప్ గడి ముందే నింపి ఉంటుంది. వెయ్యి వేసేవాళ్లు పది శాతం టిప్ చూసుకోకపోతే 1,100 కడతారు, ఆ వంద సైటుకు పోతుంది. ఆన్‌లైన్ చెల్లింపుకు పట్టుకునే గేట్‌వే ఛార్జీ 2.5 శాతం అనుకుంటే 25 రూపాయలు, దానిమీద జీఎస్టీ 4.50. పేషెంట్‌కు చేరేది 970.50. ఎంపికను తెరిచి టిప్‌ను సున్నా చేయవచ్చని సందేశంలోనే చెప్పడం దాతల పట్ల మర్యాద. ఫేస్‌బుక్ ప్రకటనలు మేమే వేస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే, ఆ ఖర్చు కింద వసూలైన దాంట్లోంచి ఎంత శాతం కోస్తారో మెయిల్‌లో రాయించుకోండి. నోటిమాట నమ్మి సంతకం పెట్టొద్దు.

విత్‌డ్రాకు నేరుగా ఆసుపత్రి ఖాతానే ఎంచుకోవడం మేలు. దాతకు నమ్మకం, సైటు అడిగే ప్రశ్నలూ తక్కువ. కాకపోతే డబ్బు అదే రోజు పడదు, డిశ్చార్జి ముందురోజు అడిగితే ఇబ్బందే. బిల్లుల నకళ్లే సైటుకు ఇవ్వండి. ఒరిజినల్స్ ముఖ్యమంత్రి సహాయనిధి దరఖాస్తుకు కావాలి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు అలవాటైన గోఫండ్‌మీలో ఇక్కడి పేషెంట్ పేరుమీద డబ్బు తీసుకోవడం కుదరదు. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై పంపే చందాతో చిక్కు లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే అది చట్టం దృష్టిలో విదేశీ విరాళం. వాళ్లకు వేరే దారి ఉందో లేదో సైటును ముందే అడగాలి.

లక్షా రెండు లక్షలకైతే ఈ సైట్లు అక్కర్లేదు. ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో పేషెంట్ యూహెచ్ఐడీ (ఆసుపత్రి ఇచ్చే నమోదు నంబరు), ఆసుపత్రి ఖాతా వివరాలు తీసుకుని గ్రూపులో పెడితే చాలు. సొంత ఫోన్‌పే నంబరు పెడితే రెండు బాధలు. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50,000 దాటితే ఆ మొత్తం పన్ను లెక్కలోకి వస్తుంది. పైగా క్యూఆర్ మార్చి అదే ఫొటోతో ఫార్వర్డ్ చేసే దొంగలున్నారు. ఊళ్లో నగదుగా పోగైతే బ్యాంకులో వేసి కట్టండి, 2 లక్షలు, ఆపైన ఆసుపత్రి నగదుగా తీసుకోకూడదు.