ఇండీ గేమ్‌కి టీమ్ ఎక్కడ దొరుకుతుంది? కొన్నేళ్లు వాడి చూశాక

పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా చేసే గేమ్‌లని ఇండీ గేమ్‌లంటారు. వాటిలో నేను చేసేది ప్రోగ్రామింగ్. బొమ్మలు గీయడం, సంగీతం చేయడం నాకు చేతకాని పనులు. అందుకే కొత్త గేమ్ ఆలోచన వచ్చిన ప్రతిసారీ మనుషుల్ని వెతికే పని కూడా దాంతో పాటే వచ్చి పడుతుంది. కొన్నేళ్లుగా గేమ్ జామ్‌లు (తక్కువ గడువులో ఒక గేమ్ చేసే ఈవెంట్లు), ప్రకటనల బోర్డులు, డిస్కార్డ్ సర్వర్లు (గ్రూప్ చాట్ గదులు) అన్నీ వాడుతూనే ఉన్నాను. ఏది దేనికి పనికొచ్చిందో చెబుతాను. నా కొలత మాత్రం ఒక్కటే. ఇద్దరం కలిసి ఎంత చిన్నదైనా సరే ఒక గేమ్ పూర్తి చేసి జనంలోకి వదిలితేనే ఆ పరిచయాన్ని లెక్కలోకి తీసుకుంటాను. చాట్‌లో గంటల కొద్దీ బాగా కబుర్లు చెప్పుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లతో గేమ్ మాత్రం బయటికి రాలేదు.

ఆ కొలతతో చూస్తే జామ్‌లని మించింది లేదు. గడువు దగ్గర్లో ఉంటుంది, స్కోప్, అంటే చేయాల్సిన పని, చిన్నగా ఉంటుంది, ఎవరూ ఎవరికీ డబ్బు బాకీ ఉండరు. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు, లూడమ్ డేర్ అనే జామ్ 2002లోనే మొదలైంది. దాంట్లో 48 గంటల కాంపో అనే పోటీ ఒంటరిగా చేసేవాళ్లది, అన్నీ సొంతంగా తయారు చేసుకోవాలి. 72 గంటల జామ్‌లో మాత్రం టీమ్‌గా చేయొచ్చు. మనుషుల కోసం వెతికేవాళ్లు రెండోదానిలోకే వెళ్లాలి. గ్లోబల్ గేమ్ జామ్ 2009 నుంచి ఉంది. దాని ప్రత్యేకత ఏమిటంటే చాలా చోట్ల జనం నిజంగానే ఒక గదిలో కలిసి కూర్చుని చేస్తారు. ముఖాముఖి మాట్లాడటానికి మొహమాటపడని వాళ్లకి ఇదే మంచిది, టీమ్ మొదటి సాయంత్రమే కుదిరిపోతుంది. గేమ్ మేకర్స్ టూల్‌కిట్ అనే యూట్యూబ్ ఛానెల్ 2017లో మొదలుపెట్టిన జీఎంటీకే జామ్, ఇండీ గేమ్‌లు పెట్టుకునే ఇచ్ డాట్ ఐఓ వెబ్‌సైట్‌లో జరుగుతుంది. 2024లో దాని గడువుని 48 గంటల నుంచి 96 గంటలకు పెంచారు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి, వేర్వేరు టైమ్ జోన్లలో ఉన్న టీమ్‌లకి అది చాలా పెద్ద తేడా. పెద్ద జామ్ ఒక్కటీ లేని వారంలో కూడా ఇచ్ డాట్ ఐఓ క్యాలెండర్‌లో ఏదో ఒక చిన్న జామ్ నడుస్తూనే ఉంటుంది. జామ్ ఎవరైనా పెట్టుకోవచ్చు కాబట్టి.

జామ్‌లో మనిషి ఎలా తెలుస్తాడో ఒక ఉదాహరణ చెప్తాను. గడువు ముంచుకొస్తోంది. మా పాత్ర పరిగెత్తుతుంటే ఒక్కో అడుగుకీ నేలలోకి దిగి మళ్లీ పైకి లేస్తున్నట్టు కనిపిస్తోంది. చూస్తే స్ప్రైట్ షీట్‌లో (యానిమేషన్ ఫ్రేమ్‌లన్నీ ఒకే బొమ్మలో ఉండే ఫైల్‌లో) ఒక ఫ్రేమ్ మిగతావాటికన్నా రెండు పిక్సెల్స్ కిందికి ఉంది. ఆర్టిస్ట్‌కి స్క్రీన్‌షాట్ పంపాను. ఆమె ఆ ఫ్రేమ్‌ని పైకి జరిపి, పనిలో పనిగా మిగతా యానిమేషన్లు కూడా చూసి, షీట్‌ని అదే కొలతలతో, అదే ఫైల్ పేరుతో తిరిగి పంపింది. పాత ఫైల్ మీద కొత్తది వేశాను, అంతే, ఇంజిన్‌లో (గేమ్ తయారు చేసే సాఫ్ట్‌వేర్‌లో) ఒక్క సెట్టింగ్ కూడా ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు. పేరు చివర ‘ఫైనల్’ అనో ‘కొత్తది’ అనో తగిలించి పంపి ఉంటే ఆ టెన్షన్‌లో లింకులన్నీ మళ్లీ కలుపుకుంటూ కూర్చునేవాణ్ని. అవతలివాడు ఆ ఫైల్‌తో ఏం చేస్తాడో ఆలోచించి పంపే మనిషి దొరకడం అదృష్టం. ఆమె పోర్ట్‌ఫోలియో ఎన్నిసార్లు చూసినా నాకు ఈ సంగతి తెలిసేది కాదు. తర్వాతి గేమ్ కూడా ఆమెతోనే చేశాను.

జామ్‌లకి లోపాలు లేకపోలేదు. టీమ్ కోసం వెతికేవాళ్లలో ప్రోగ్రామర్లే ఎక్కువ, ఆర్టిస్టుల కోసం పోటీ ఉంటుంది. కంపోజర్లు ఒకే జామ్‌లో రెండు మూడు టీమ్‌లకి పనిచేయడం మామూలే, కాబట్టి మీ గేమ్‌కి ఎంత సమయం ఇవ్వగలరో మొదట్లోనే అడిగేయాలి. అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, రెండు మూడు రోజులు ఉరుకులు పరుగుల మీద చేసే ఓపిక వేరు, నెలల తరబడి వారానికి కొన్ని గంటలు కేటాయించే ఓపిక వేరు. మొదటిది ఉన్నవాళ్లందరికీ రెండోది ఉండదు. అందుకే జామ్ అవ్వగానే ‘ఇక పెద్ద గేమ్ మొదలుపెడదాం’ అని నేను అనను. అదే జామ్ గేమ్‌కి ఒక నెలలో చిన్న అప్‌డేట్ ఇద్దామంటాను. బగ్గులు సరిచేయడం, ఇంకో రెండు లెవెల్స్, సరైన మెనూ, ఇలాంటి ఉత్సాహం కలిగించని పనులే అందులో ఉంటాయి. ఆ నెల గడిచేలోపు ఎవరు ఉంటారో ఎవరు జారుకుంటారో తేలిపోతుంది, ఎవరికీ మనసు నొప్పి కూడా ఉండదు.

ఇప్పుడు నేను అందరికీ పట్టుబట్టి చెప్పే మాట. జామ్‌లో టీమ్‌మేట్స్ దొరికేది జామ్ మొదలయ్యే ముందే అని అందరూ అనుకుంటారు. నాకు మాత్రం ఎక్కువ మంది దొరికింది జామ్ అయ్యాక, రేటింగ్ జరిగే రోజుల్లో. ఆ రోజుల్లో ఒకరి గేమ్‌లు ఒకరు ఆడి మార్కులు వేస్తారు. లూడమ్ డేర్‌లో అయితే మీరు ఎన్ని గేమ్‌లు ఆడి అభిప్రాయం రాస్తే మీ గేమ్ అంత ఎక్కువ మందికి కనబడుతుంది. చాలామంది ఈ పనిని మొక్కుబడిగా, రెండు ముక్కలు రాసి వదిలేస్తారు. నేను ప్రతి గేమ్‌లో నచ్చిన ఒక వివరాన్ని పట్టుకుని రాస్తాను, ఆ పని ఎవరు చేశారో క్రెడిట్స్‌లో చూసి పేరు రాసి పెట్టుకుంటాను. పూర్తయిన పని కళ్ల ముందే ఉంటుంది, అదీ ఒకే థీమ్, ఒకే గడువు కింద అందరూ చేసిన పని. మనిషిని అంచనా వేయడానికి ఇంతకన్నా న్యాయమైన చోటు నేను చూడలేదు.

మా సౌండ్ చేసే అతను అలాగే దొరికాడు. అతని గేమ్‌లో పాత్ర రాతి మీద దూకితే ఒక చప్పుడు, గడ్డి మీద దూకితే ఇంకోటి, పై నుంచి పడితే అదే చప్పుడు కాస్త బరువుగా. మూడు రోజుల గేమ్‌లో ఎవరు పట్టించుకుంటారు అనిపించే వివరం అది. దాని గురించే నాలుగు వాక్యాలు రాశాను. అతను జవాబిస్తూ ఎలా చేశాడో వివరించాడు. తర్వాతి జామ్‌కి నేను అడగ్గానే వచ్చాడు. ముక్కూ మొహం తెలియని వాళ్లకి ‘కలిసి పనిచేద్దామా’ అని మెసేజ్ పెట్టడం కన్నా ఇది ఎంత తేలికో చేసి చూస్తే తెలుస్తుంది. నెట్‌వర్కింగ్ అంటే భయపడే సిగ్గరులకి నేను మొదట చెప్పే మార్గం ఇదే.

జామ్‌ల నుంచి పెద్ద గేమ్‌లు వచ్చిన సంగతి తెలిసిందే. హాలో నైట్ వెనక 2013లో లూడమ్ డేర్ కోసం చేసిన హంగ్రీ నైట్ అనే చిన్న గేమ్ ఉంది. సెలెస్ట్ 2015లో ఇద్దరు నాలుగు రోజుల్లో పికో-8 అనే చిన్న గేమ్‌లు చేసే సాఫ్ట్‌వేర్‌లో చేసిన చిన్న గేమ్‌గా మొదలై 2018లో పూర్తి గేమ్‌గా వచ్చింది. వీటిని నేను చూసే కోణం వేరు. ఆ మొదటి చిన్న గేమ్‌లు ఆలోచనని పరీక్షించాయి, దాంతో పాటే ఆ మనుషులు కలిసి పనిచేయగలరా అన్నదాన్నీ పరీక్షించాయి. పెద్ద గేమ్‌కి ఏళ్లు పడుతుంది కాబట్టి రెండో పరీక్షకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఇక ప్రకటనలు. రెడిట్‌లో ఐఎన్ఏటీ అనే చోటు ‘నాకు టీమ్ కావాలి’ అనేవాళ్ల కోసమే ఉంది. ఇచ్ డాట్ ఐఓలో కూడా సాయం అడగడానికి, చేయడానికి ఒక విభాగం ఉంది. అనుభవంతో చెబుతున్నాను, వీటిని టీమ్ కట్టడానికి వాడితే నిరాశే, ఒక నిర్దిష్టమైన పని కోసం వాడితే ఫలితం బాగుంటుంది. ‘ఓపెన్ వరల్డ్ ఆర్పీజీ చేస్తున్నాం, ఆర్టిస్టులు, రైటర్లు, ప్రోగ్రామర్లు కావాలి, లాభాల్లో వాటా ఇస్తాం’ అనే తరహా, ఏళ్లు పట్టే భారీ గేమ్ పోస్టుకి అనుభవం ఉన్నవాళ్లు స్పందించరు, స్పందించకపోవడం సబబే. ‘పదహారు పిక్సెల్స్ టైల్‌సెట్ (నేల, గోడల చిన్న బొమ్మలు), ఇదిగో ఆడటానికి బిల్డ్, ఇంత డబ్బు, ఈ తేదీకి కావాలి’ అని రాస్తే చక్కటి మనుషులు వస్తారు. బిల్డ్ అంటే ఆడి చూడగలిగే గేమ్ ఫైల్. అది లేకుండా పోస్ట్ పెట్టొద్దని నా గట్టి సలహా. బొమ్మలకి బదులు బూడిదరంగు డబ్బాలున్నా ఫర్వాలేదు, కదిలితే చాలు.

వచ్చిన మెసేజ్‌ల్లో మంచిది ఎలా ఉంటుందంటే, ఒక యానిమేటర్ ఇలా రాసింది: ‘మీ బిల్డ్ ఆడాను. దెబ్బ తగిలినప్పుడు శత్రువు వెనక్కి వెళ్లడం బాగుంది, శత్రువు కొట్టబోయే ముందు మాత్రం ఏ సూచనా లేదు. అక్కడ రెండు మూడు ఫ్రేమ్‌లు పెడితే ఆటగాడికి తప్పుకునే సమయం దొరుకుతుంది. వారానికి ఆరు గంటలు ఇవ్వగలను, శని ఆదివారాలు మాత్రమే.’ ఆడింది, ఒక సమస్య పట్టుకుంది, సమయం నిజాయితీగా చెప్పింది. నేను ఇంకేమీ అడగలేదు.

లాభాల్లో వాటా అనే మాట వచ్చింది కాబట్టి డబ్బు లెక్క కూడా చెప్పాలి. స్టీమ్ అనే గేమ్‌ల ఆన్‌లైన్ స్టోర్‌లో ఒక్కో గేమ్ పెట్టడానికి 100 డాలర్లు కట్టాలి. గేమ్ 1,000 డాలర్ల ఆదాయం దాటితే అవి తిరిగి వస్తాయి. అమ్మకాల్లో మామూలుగా 30 శాతం స్టీమ్ తీసుకుంటుంది. మిగిలింది ఒక్క ఖాతాకే చేరుతుంది, అక్కడి నుంచి పంచుకోవడం టీమ్ సొంత బాధ్యత. అంటే వాటా ఇస్తాననే మాటకి ఆ ఖాతా ఉన్న మనిషి నిజాయితీ, చేతిలో ఉన్న కాగితం, ఈ రెండే ఆధారం. ఒకసారి ఒక ప్రాజెక్టులో నేను చేసిన కోడ్‌కి వాటా సంగతి ఎన్నిసార్లు అడిగినా ‘తర్వాత చూద్దాం’ అనేవాళ్లు, ఆ గేమ్ చివరికి విడుదలే కాలేదు. ఇప్పుడు జామ్ దాటి ముందుకెళ్లే ప్రతి ప్రాజెక్టుకీ ఒక పేజీ రాసి అందరం సంతకాలు పెడతాం. ఎవరి వాటా ఎంత, ఎవరు చేసిన పని మీద హక్కు ఎవరిది, మధ్యలో వెళ్లిపోతే వాళ్లు చేసినదాన్ని మిగతావాళ్లు వాడుకోవచ్చా, ఇంతే ఉంటుంది. బొమ్మ గీసినవాళ్ల హక్కు, రాసి ఇస్తే తప్ప, చాలా దేశాల్లో గీసినవాళ్లకే ఉంటుంది. ఆర్టిస్ట్ తప్పుకుంటే గేమ్ మొత్తం ఆగిపోయే పరిస్థితి రాకూడదంటే ఈ మాట స్నేహంగా ఉన్నప్పుడే మాట్లాడుకోవాలి.

డిస్కార్డ్ సర్వర్లకి మధ్యస్థంగా మార్కులు వేస్తాను. అక్కడ టీమ్ వెతికే ఛానెల్‌లో మెసేజ్ పెడితే కాసేపట్లో పైకి కొట్టుకుపోతుంది. ఇంజిన్‌కి సంబంధించిన సహాయ ఛానెల్ మాత్రం బంగారం. షేడర్ (బొమ్మలు తెర మీద కనిపించే తీరు) దగ్గరో, కొలిజన్ (వస్తువులు ఒకదానికొకటి తగలడం) దగ్గరో ఇరుక్కున్నవాళ్లకి ఓపిగ్గా జవాబు చెబుతూ ఉంటే కొన్ని నెలలకి మీ పేరు జనానికి గుర్తుంటుంది, ఆ తర్వాత మీరు మనిషి కావాలంటే ఎవరో ఒకరు ఎవర్నో ఒకర్ని చూపిస్తారు. ఆలస్యంగా ఫలించే దారి ఇది, రేపే ఆర్టిస్ట్ కావాలనుకునేవాళ్లకి పనికిరాదు.

ఏ దారిలో వెళ్లినా ఇంజిన్ పేరు మొదటి మెసేజ్‌లోనే రాయండి. 2023 సెప్టెంబరులో యూనిటీ ఇంజిన్ కంపెనీ ఇన్‌స్టాల్స్ లెక్కన రన్‌టైమ్ ఫీజు ప్రకటించాక చాలామంది గోడో అనే ఇంకో ఇంజిన్‌కి మారారు. ఏడాది తర్వాత ఆ ఫీజుని రద్దు చేసినా మారినవాళ్లలో కొందరు వెనక్కి రాలేదు. ప్రోగ్రామర్ అనగానే మీ ఇంజిన్‌లోనే చేస్తాడనుకోవడానికి లేదు.

పని మొదలయ్యాక కూడా చిన్న విషయాల్లోనే మనుషులు తెలుస్తారు. ఆర్టిస్టులకి గిట్ (ఫైళ్లలో మార్పులని దాచి పంచుకునే సాఫ్ట్‌వేర్) నేర్పడానికి ఒక సాయంత్రం కేటాయించడం నాకు ఎప్పుడూ లాభమే అయింది. ఆ ఫైళ్లు ఉంచే గిట్‌హబ్ వెబ్‌సైట్ 100 ఎంబీ దాటిన ఫైల్‌ని మామూలుగా తీసుకోదు, పెద్ద ఫైళ్లకి గిట్ ఎల్ఎఫ్ఎస్ అనే అదనపు ఏర్పాటు పెట్టుకోవాలి. లేయర్లున్న బొమ్మల ఫైళ్లు, 3డి బొమ్మల బ్లెండర్ ఫైళ్లు మెర్జ్ కావు, అంటే ఇద్దరి మార్పులు ఒకదాంట్లో కలవవు. ఇద్దరు ఒకే ఫైల్ ముట్టుకుంటే ఒకరి పని పోతుంది. అందుకే ‘ఈ ఫైల్ నా దగ్గరుంది’ అని చాట్‌లో ఒక్క ముక్క చెప్పి మొదలుపెట్టే అలవాటు ఉన్నవాళ్లంటే నాకు చాలా గౌరవం.

లింక్డిన్ కూడా వాడి చూశాను. జీతం ఇచ్చే ఉద్యోగాలకి సరే, ఖాళీ సమయంలో గేమ్ చేసే టీమ్‌కి అక్కడ నాకు ఎవరూ దొరకలేదు.

ప్రస్తుతం మేం ముగ్గురం. ప్రతి జామ్‌లోనూ ఒక కొత్త మనిషికి చోటు ఉంచుకుంటున్నాం. పోయిన జామ్ రేటింగ్ రోజుల్లో మా సౌండ్ అతను ఒక గేమ్ లింకు పంపి, వాన చినుకుల యానిమేషన్ చూడమన్నాడు. అది చేసినామె పేరు రాసి పెట్టుకుని, ఆమె గేమ్ కింద నా అభిప్రాయం రాశాను. తర్వాతి జామ్ తేదీలు రాగానే ఆమెని అడుగుతాం.