గియోన్ మత్సురికి వెళ్తే 12వ తేదీకల్లా చేరుకోండి

జపాన్‌లోని క్యోటోలో జరిగే రథాల పండుగ గియోన్ మత్సురి అంటే చాలామంది జూలై 17 ఊరేగింపు ఒక్కటే చూసి వెనక్కి వస్తారు. మేం ఐదు రోజులు ముందే వెళ్లాం. అదే మంచిదయింది.

అక్కడి రథాలను హోకో, యామా అంటారు. పెద్ద హోకోలు 25 మీటర్ల ఎత్తు, దాదాపు 12 టన్నుల బరువు. 10వ తేదీ నుంచి షిజో వీధి మధ్యలోనే వాటిని కడతారు. దూలాలకు మేకులు కొట్టరు, గడ్డి తాళ్లతో బిగిస్తారు. ఆ ముడులు చూస్తూ గంటసేపు నిలబడిపోయాను. 12న మధ్యాహ్నం హికిజోమే, అంటే రథాన్ని మొదటిసారి లాగి చూడడం. ఆ రోజు తాడు ఎవరైనా పట్టుకోవచ్చు. చక్రం కదలగానే మా అమ్మ నోట "గోవిందా" అని వచ్చేసింది. 17న ఆ అవకాశం ఉండదు, చూడడమే.

ఈ పండుగ 869లో అంటువ్యాధులు తగ్గాలని చేసిన పూజతో మొదలైంది. చేసేది యసాకా ఆలయం. గియోన్ అన్న పేరుకు మూలం బుద్ధుడు ఉన్న మన జేతవనమే. త్సుకిహోకో అనే రథం అలంకరణలో మొఘల్ కాలపు తివాచీ కూడా ఉంది.

17న అమ్మకు, చెల్లికి ఓయికే వీధిలో కుర్చీ టికెట్లు కొన్నాం. కూర్చోవడానికి బాగుంది కానీ నీడ లేదు, జూలై ఉక్కపోతకు అమ్మ బాగా అలిసిపోయింది. పెద్దవాళ్లుంటే గొడుగు, నీళ్లు మర్చిపోకండి. నేను ఉదయం ఏడింటికే షిజో-కవారామచి కూడలికి వెళ్లాను. హోకో చక్రాలు పక్కకు తిరగవు. అందుకే వెదురు బద్దలు పరిచి, నీళ్లు పోసి, కేకలు వేస్తూ రథాన్ని పక్కకు లాగుతారు. రెండు మూడు లాగుళ్లలో మొత్తం రథం మలుపు తిరుగుతుంది. డబ్బు పెట్టినా అంతకంటే మంచి చోటు దొరకదు.

ఆ వారం క్యోటోలో గదులు బాగా ఖరీదు. మేం ఒసాకాలో దిగాం. అక్కడి నుంచి క్యోటోలోని కరసుమా స్టేషన్‌కు రైల్లో ముప్పావుగంట. 16 రాత్రి మాత్రం క్యోటోలోనే ఉండాల్సింది. రథాలకు కట్టిన లాంతర్ల వెలుగు చూసి తిరిగి వస్తుంటే ఆ జనంలో స్టేషన్ మెట్లు దిగడానికే చాలాసేపు పట్టింది.

శాకాహారులకు కష్టమే, సూపుల్లో చేపల రసం ఉంటుంది. రథాల దగ్గర అమ్మే చిమాకి అనే ఆకుల కట్ట తినేది కాదు, మన తోరణంలా గుమ్మానికి కట్టుకునేది.

రద్దీ అంటే భయమైతే 24న రెండో ఊరేగింపు ఉంది. రథాలు 11 మాత్రమే, జనమూ తక్కువ.